‘ఒక్క గ్లాసే కదా’ అంటున్నారు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకిప్పుడు మూడో నెల. ఆ సంగతి తెలియక ముందు ఆఫీసు పార్టీల్లో రెండుసార్లు వైన్ తాగాను. నిద్ర పట్టక అప్పుడప్పుడు మాత్ర కూడా వేసుకుంటున్నాను. డాక్టర్‌గారు అడిగితే, పక్కనే అత్తయ్య ఉండటంతో ఏ అలవాటూ లేదన్నాను. శనివారాలు ఇంటికొచ్చే స్నేహితులు ‘వైన్ మంచిదే, ఒక్క గ్లాసు’ అంటున్నారు. మా ఆయనా వాళ్లకే వంత.

జవాబు: మీరు తాగిన వైన్ కంటే డాక్టర్‌గారికి చెప్పిన అబద్ధమే నాకు ఎక్కువ భయం వేస్తోంది. తెలియక తాగినవాళ్లు చాలామందే ఉంటారు. అంతమాత్రాన బిడ్డకు లోపం వచ్చి తీరుతుందనేం లేదు. ఆ మాత్ర పేరు, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు అన్నది మాత్రం డాక్టర్‌గారికి తెలియాలి. అడక్కుండా ఇంకోటి వేసుకోకండి. ఒకవేళ అది రోజువారీ అయిపోయి ఉంటే, సొంతంగా ఒక్కసారే ఆపేయడమూ ప్రమాదమే. ఈరోజే ఫోన్ చేసి అడగండి.

అత్తయ్య ముందు చెప్పలేరు, సరే. ఈసారి ఆఫీసు నుంచే నేరుగా వెళ్లండి. కుదరకపోతే, బీపీ చూసే నర్సుతో ‘డాక్టర్‌గారితో విడిగా మాట్లాడాలి’ అనండి చాలు. పెద్దావిడ నొచ్చుకోకుండా బయట కూర్చోబెట్టే నేర్పు వాళ్లకుంటుంది. మీరు చెప్పింది ఇంట్లోవాళ్లకు చేరవేయకపోవడం డాక్టర్ల వృత్తిధర్మం.

ఇక ఆ ఒక్క గ్లాసు. కడుపుతో ఉన్నప్పుడు ఇంతవరకు ఫరవాలేదనదగ్గ కొలతే లేదు. వైనైనా బీరైనా ఆల్కహాల్ ఆల్కహాలే. తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని అరాయించుకునే శక్తి ఆ చిన్న కాలేయానికి ఉండదు. బిడ్డ మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఇప్పుడు మానినా మేలే. (రెడ్ వైన్‌తో రక్తం పడుతుందని కూడా ఎవరో చెప్పే ఉంటారు. దానికి ఐరన్ మాత్రలున్నాయి.) సిగరెట్టు, గంజాయి దగ్గరకూ పోవద్దు.

రోజూ తాగే అలవాటున్న గర్భిణులైతే హఠాత్తుగా మానకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. మీ బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో వ్యసనాలు మాన్పించే ప్రత్యేక విభాగం ఉంది. మనసు కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

స్నేహితులకు వద్దని చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. ఈ జవాబు ఆయన చేత చదివించండి. కాన్పయ్యేదాకా ఆ శనివారాలు వేరే ఎవరింట్లోనైనా పెట్టుకోమనండి.