యాంటీబాడీలు ఉన్నా హెచ్‌ఐవీ ఎందుకు లొంగదు?

ప్రశ్న: హెచ్‌ఐవీ సోకిందో లేదో తెలుసుకోవడానికి రక్తంలో యాంటీబాడీల కోసం వెతుకుతారు కదా, మరి ఆ యాంటీబాడీలే వైరస్‌ను ఎందుకు అడ్డుకోలేవు? కోవిడ్‌కు ఏడాదిలో వచ్చిన టీకా దీనికి ఇన్నేళ్లయినా ఎందుకు రాలేదు?
— ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. శరీరం యాంటీబాడీలను తయారు చేస్తుంది. కాకపోతే వాటిలో అధికభాగం వైరస్‌కు నొప్పి తెలియని చోట తగులుతాయి.

హెచ్‌ఐవీ పైపొర మీద ముళ్లలాంటి ప్రొటీన్లు ఉంటాయి. జీపీ120, జీపీ41 అనే రెండు భాగాల జతలు మూడు కలిస్తే ఒక ముల్లు. ఒక్కో వైరస్ మీద ఇవి సగటున 14 దాకా మాత్రమే ఉంటాయి. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెర గొలుసులదే. వాటిని అతికించేది మన కణాలే కాబట్టి, రోగనిరోధక వ్యవస్థ వాటిని చాలావరకు పరాయివిగా ఎంచదు. హెచ్‌ఐవీ దాడి చేసే తెల్ల రక్తకణాన్ని (సీడీ4 కణాన్ని) పట్టుకునే గుంట ఈ చక్కెర తెర చాటున దాగి ఉండగా, యాంటీబాడీలు ఎప్పటికప్పుడు రూపు మార్చుకునే పైభాగాల మీద, విరిగిపోయిన ముళ్ల మీద పడి వృథా అవుతాయి. పరీక్ష కిట్టుకు అవి చాలు, ఎందుకంటే దానికి కావలసింది ఆనవాలే.

టీకా ప్రయోగాలూ ఈ తేడానే బయటపెట్టాయి. 16,000 మందికి పైగా పాల్గొన్న థాయ్‌లాండ్ ప్రయోగంలో, 2009లో వెల్లడైన లెక్క ప్రకారం, రక్షణ సుమారు 31 శాతం. జీపీ120లోని వీ1వీ2 భాగాన్ని పట్టే ఐజీజీ రకం యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవారికి వైరస్ సోకే అవకాశం తక్కువగా ఉందని, రక్తంలో ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీలు ఎక్కువైన చోట ఆ మేలు తగ్గిందని 2012లో తేలింది. అంటే ఎన్ని పుట్టాయన్నది కాదు, ఏ రకానివి, ఎక్కడ అంటుకున్నాయన్నదే ముఖ్యం. అదే పద్ధతిని, మన దేశంలోనూ ఎక్కువగా కనిపించే సి ఉపరకానికి తగ్గట్టు మార్చి దక్షిణాఫ్రికాలో పరీక్షించారు. టీకా వేసినవారిలో 129 మందికి, ఉత్తుత్తి మందు వేసినవారిలో 123 మందికి వైరస్ సోకడంతో 2020లో ఆ ప్రయోగాన్ని ఆపేశారు.

వైరస్ సోకిన కొద్దిమందిలో మాత్రం, కొన్నేళ్లకు, అనేక ఉపరకాలను అడ్డుకోగల యాంటీబాడీలు పుడతాయి. వాటిలో వీఆర్‌సీ01 సరిగ్గా ఆ సీడీ4 గుంటనే పట్టుకుంటుంది. అటువంటివి తయారు చేయగల తొలి బీ కణాలను నిద్రలేపే టీకాను 36 మందికి ఇస్తే 35 మందిలో అవి మేల్కొన్నాయని 2022లో వెల్లడైంది. ఇది మొదటి మెట్టే. ఆ కణాలు ఎన్నో జన్యుమార్పులు పొంది పదును తేలడానికి వరుసగా వేర్వేరు టీకాలు వేయాలి. నా దృష్టిలో అసలు కష్టం అక్కడే ఉంది.

మీ ప్రశ్నకు ఆనుకుని ఉన్న మరో సంగతి: ఇలాంటి ప్రయోగాల్లో టీకా వేయించుకున్నవారికి, వైరస్ సోకకపోయినా మామూలు యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అందుకే వారికి వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష చేస్తారు.