ఒరిగిన విమానం మళ్లీ ఎలా సర్దుకుంటుంది?

ప్రశ్న: మాది సునాబెడ. నాన్నగారు హెచ్ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేశారు, మిగ్ ఫైటర్ల (యుద్ధవిమానాల) కబుర్లు వింటూనే పెరిగాను. మొన్న జయపురం నుంచి సెస్నా కారవాన్ అనే చిన్న విమానంలో వైజాగ్ వెళ్తుంటే కొండల మీద గాలికి ఓ పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది. ఒరగకుండా ఆపేది ఏంటండీ? ఫైటర్లకి అది ఉండదా?

జవాబు: ఇందులో రెండు సంగతులున్నాయండి, విడదీసి చూడాలి. ఒరిగే వేగానికి అడ్డుపడేది ఒకటి, ఒరిగాక తిరిగి నిలబెట్టేది ఇంకోటి.

మొదటిదాన్ని రోల్ డ్యాంపింగ్ అంటారు. విమానం ఎడమకి ఒరుగుతోందనుకోండి, ఎడమ రెక్క కిందకి దిగుతోంది కాబట్టి దానికి గాలి కాస్త కిందనుంచి తగులుతుంది, లిఫ్ట్, అంటే రెక్కని పైకెత్తే బలం, పెరుగుతుంది, పైకి లేచే కుడి రెక్కకేమో తగ్గుతుంది, ఆ తేడాయే బ్రేకు. కారవాన్ రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకి దాదాపు 16 మీటర్లు. గంటకి 300 కిలోమీటర్ల స్పీడులో సెకనుకి 30 డిగ్రీల చొప్పున ఒరిగితే రెక్క కొస సెకనుకి 4 మీటర్ల పైనే కిందకి దిగుతుంది, అక్కడ గాలి తగిలే కోణం దగ్గరదగ్గర 3 డిగ్రీలు పెరుగుతుంది. రెక్కకి 3 డిగ్రీలంటే చాలా ఎక్కువ! అదే మీ నాన్నగారి మిగ్-21 తీసుకోండి, రెక్కలు మొత్తం కలిపి 7.15 మీటర్లే, గంటకి 900లో అంతే జోరుగా ఒరిగినా కొసన అర డిగ్రీ కూడా మారదు. ఫైటర్‌కీ బ్రేకు ఉంది, కాకపోతే అది గట్టిగా పట్టేలోపు విమానం చాలా జోరుగా తిరిగేస్తుంది. విమానాన్ని ఒరిగించడానికి రెక్కల వెనక అంచున కదిలే పలకలుంటాయి, వాటినే ఐలరాన్లంటారు; వాటి బలమూ ఈ బ్రేకూ సరిసమానమైన చోట రోల్ రేటు, అంటే ఒరిగే వేగం, నిలుస్తుంది, పొట్టి రెక్కల విమానం చురుగ్గా తిరిగేది అందుకే.

కానీ ఒరగడం ఆగిన క్షణమే డ్యాంపింగూ పోతుంది, అది విమానాన్ని లెవెల్‌కి తేలేదు. ఒరిగిన విమానం కిందున్న రెక్క వైపు జారుతుంది కదా, ఆ పక్కగాలికి కింది రెక్కకి లిఫ్ట్ పెరిగితే మెల్లగా లేస్తుంది. కొసలు పైకెత్తిన రెక్కలూ, కారవాన్‌లా బాడీ పైన పెట్టిన రెక్కలూ ఈ పని చేస్తాయి. ఈ గుణం మరీ ఎక్కువైతే పైలట్ ఒరిగించబోయినా విమానం మొండికేస్తుంది, అందుకే ఆన్-124 లాంటి పెద్ద కార్గో విమానాలకి రెక్కలు పైనే పెట్టినా కొసలు కిందకి వంచారు. మీ ప్రయాణంలో మాత్రం సర్దింది చాలావరకు పైలటో ఆటోపైలటో అయ్యుంటారు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి, స్టాల్ దగ్గర, అంటే గాలి తగిలే కోణం మరీ పెరిగి రెక్క లిఫ్ట్ కోల్పోయే చోట, ఇదంతా తిరగబడుతుంది. దిగే రెక్కకి కోణం పెరిగితే లిఫ్ట్ పెరగడం పోయి పడిపోతుంది, బ్రేకు కాస్తా తోసేదైపోతుంది, స్పిన్, అంటే విమానం గింగిరాలు తిరుగుతూ పడడం, మొదలయ్యేది అలాగే. అందుకే స్టాల్‌లో ఓ రెక్క కిందకి పడితే ముందు ముక్కు దించి ఆ కోణం తగ్గించమని, ఆ తర్వాతే రెక్క సరిచేయమని ట్రైనింగ్‌లో నేర్పుతారు.