కథ చెప్పే గొంతు పోయాక

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. ఆ పిల్లల నవలను సినిమాగా మారుస్తూ నువ్వు రాసిన స్క్రిప్టు మొన్న రాత్రి ఒకసారి చదివాను. ఇవాళ పొద్దున నవల పక్కన పెట్టుకుని ఇంకోసారి చదివాను. నువ్వు టెన్షన్ పడుతూ ఉంటావు కాబట్టి ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఈ పని నీకు చేతనవుతుంది. ఏరు దాటించడానికి పడవవాడు కూలి కింద పిల్ల నీడను అడిగే సీనులో మాటలు మూడు ముక్కల్లో తేల్చేశావు. అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. నవల నాలుగు వందల పేజీలుంది, సినిమా రెండు గంటలు, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నావు. దీని గురించి అంత బెంగ పెట్టుకోకు. హారీ పోటర్ నవలల్లో అన్నిటికన్నా లావుపాటిది ఐదోది. దాని సినిమా 138 నిమిషాలే. ఆ ఎనిమిది సినిమాల్లో అంతకంటే చిన్నది చివరిదొక్కటే. కోయడం నాలుగు స్క్రిప్టులు రాస్తే చేతికి వస్తుంది. నీ స్క్రిప్టులో నన్ను ఆపింది వేరే సంగతి.

పిల్లల నవలలో పాత్రలు కాక ఇంకొకరు ఉంటారు. కథ చెప్పే మనిషి. "ఇప్పుడు జరగబోయేది కాస్త భయంగానే ఉంటుంది, కానీ చదవండి" అంటూ పక్కనే కూర్చుంటాడు. రాత్రిపూట దుప్పటి కింద ఒంటరిగా చదువుకునే పిల్ల నిజానికి ఒంటరిగా లేదు, ఆ గొంతు తోడుంది. రాక్షసి వచ్చినా, అమ్మ తప్పిపోయినా ఆ గొంతు మీద నమ్మకంతోనే పేజీ తిప్పుతుంది. సినిమా మొదలయ్యేసరికి ఆ మనిషి ఉండడు. చీకటి హాలు, పెద్ద తెర, పెద్ద శబ్దం. అవే సంఘటనలు, అదే వరసలో జరుగుతున్నా పిల్లకు తోడు పోయింది.

కొత్తగా రాసేవాళ్ళు ఇది గమనించినప్పుడు రెండు పనులు చేస్తారు. ఒకటి, ఆ వాక్యాలన్నీ తీసుకెళ్ళి వాయిస్ ఓవర్‌లో, అంటే తెర మీద కనిపించని గొంతులో, పెడతారు. రెండు, పాత్రల నోట్లో కుక్కుతారు. "అక్కా, నాన్న వెళ్ళిపోయి మూడేళ్ళయింది కదా, అప్పట్నుంచి అమ్మ నవ్వడం లేదు కదా" అని చెల్లెలు అక్కకు చెబుతుంది. అక్కకు తెలియదా? నువ్వు రెండూ చేశావు. పదకొండో సీనులో ఒకే పేజీ మీద రెండూ ఉన్నాయి.

మరి ఏం చెయ్యాలి? ఆ గొంతు నవలలో ఏ పని చేస్తోందో వాక్యం వాక్యం పట్టి చూడాలి. ఒక్కో పనికి తెర మీద కనిపించే వస్తువో, వినిపించే చప్పుడో, పిల్ల చేసే పనో వెతకాలి. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను, ఓపిగ్గా చదువు.

సి.ఎస్. లూయిస్ రాయగా 1950లో వచ్చిన 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్' నీకు తెలిసిందే. నలుగురు పిల్లల్లో ఎడ్మండ్ మిఠాయికి ఆశపడి తోబుట్టువులను మంత్రగత్తెకు పట్టిస్తాడు. చదివే పిల్లలకు వాడి మీద పట్టరాని కోపం రావాలి. అయినా వాడిని పూర్తిగా వదులుకోకూడదు, వాడు తిరిగి రావాలి కాబట్టి. లూయిస్ ఏం చేశాడు? సరిగ్గా వాడు మంత్రగత్తె ఇంటికి నడుస్తున్నప్పుడు కథ ఆపి మనతో మాట్లాడతాడు. మంత్రగత్తె చేతిలో తోబుట్టువులు రాళ్ళయిపోవాలని కోరుకునేంత చెడ్డవాడని మాత్రం అనుకోకండి అంటాడు. ఇంకోచోట, ఫలానా స్కూల్లో చేరిన దగ్గర్నుంచే వాడు దారి తప్పాడని చెబుతాడు. రెండు మూడు వాక్యాలతో పిల్లవాణ్ణి కాపాడేశాడు. ఆ వాక్యాలు కెమెరా చూపించగలిగేవి కావు.

2005లో వచ్చిన సినిమా ఎలా మొదలవుతుందో గుర్తు తెచ్చుకో. నవలలో, వైమానిక దాడుల వల్ల పిల్లల్ని లండన్ నుంచి పంపేశారని ఒక్క వాక్యం ఉంటుంది, అంతే. సినిమా ఆ వాక్యాన్ని విప్పింది. రాత్రి, బాంబులు, అందరూ షెల్టర్ వైపు పరుగు. ఎడ్మండ్ ఒక్కడూ వెనక్కి తిరిగి ఇంట్లోకి దూరతాడు. దేనికోసమని? యుద్ధానికి వెళ్ళిన నాన్న ఫొటో కోసం. అన్న వాణ్ణి ఈడ్చుకొచ్చి, నీ గురించి తప్ప ఎవరి గురించీ ఆలోచించవా అని తిడతాడు. పగిలిన అద్దంతో ఆ ఫొటో వాడి చేతిలో ఉంది. తర్వాత వాడు ఎన్ని తప్పులు చేసినా, చూస్తున్న పిల్లలు ఆ ఫొటోను మర్చిపోరు. లూయిస్ గొంతు చేసిన పనంతా అది చేసింది. నవలలో లేని సీను నవలకు ఇంత దగ్గరగా ఉండటం నేను చాలా తక్కువ చూశాను.

ఇంకొకటి. ఎల్. ఫ్రాంక్ బామ్ రాయగా 1900లో వచ్చిన ఓజ్ నవల మొదట్లో 'బూడిదరంగు' అన్న మాట పదే పదే వస్తుంది. నేల బూడిదరంగు, గడ్డి, ఇల్లు, చివరికి డోరతీ అనే పిల్లను పెంచే పిన్ని కళ్ళూ బుగ్గలూ కూడా. 1939 సినిమా ఆ మాటను ఎవరి చేతా పలికించలేదు. ఆ ఊరినంతా రంగుల్లేని సెపియాలో, అంటే పాత ఫొటోల్లాంటి గోధుమ ఛాయలో చూపించింది. తర్వాత డోరతీ తలుపు తీస్తుంది, బయట అన్ని రంగులూ ఉంటాయి. ఆ ఒక్క షాటు కోసం గది లోపలంతా సెపియాలో కనిపించేలా రంగు వేసి, అదే రంగు గౌనులో ఉన్న మరో అమ్మాయి చేత తలుపు తీయించారట. ఆమె పక్కకు తప్పుకున్నాక నీలం గళ్ళ గౌనుతో అసలు డోరతీ ముందుకు వస్తుంది. ఒక విశేషణం కోసం అంత కష్టపడ్డారు. నవలలో వెండి బూట్లుంటే తెర మీద ఎర్రగా మెరవాలని కెంపు బూట్లు చేసిందీ వాళ్ళే. దాన్ని అపచారం అనేవాళ్ళున్నారు, నేను అనను.

అలాగని గొంతును ఎప్పుడూ దాచేయాలని కాదు. విలియం గోల్డ్‌మన్ తన 'ద ప్రిన్సెస్ బ్రైడ్' నవలకు తనే స్క్రిప్టు రాసుకున్నాడు. 1987 సినిమాలో జ్వరంతో పడుకున్న మనవడికి తాత కథ చదివి వినిపిస్తుంటాడు. రాకుమారి నీళ్ళలోకి దూకి, పాముల్లాంటి ఈల్ చేపలు మీదికి వస్తుంటే తాత చదవడం ఆపేసి, ఇప్పుడు వాటికి ఆమె చిక్కదులే అంటాడు. మనవడి ముఖంలో భయం చూశాడు మరి. అక్కడ గొంతుకు ఒక మనిషి, ఒక మంచం, ఒక బంధం ఉన్నాయి. నీ వాయిస్ ఓవర్‌కు అవేమీ లేవు. ఎవరిదో తెలియని గొంతు పైనుంచి వివరిస్తూ పోతోంది.

నా చేతిలో జరిగిన తప్పు కూడా చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక పిల్లల నవలకు స్క్రిప్టు రాశాను. పిల్లవాడు సొరంగంలోకి దిగే చోట రచయిత ఒక వాక్యం రాశాడు: వాడి జేబులో దీపం ఉంది, ఆ సంగతి వాడే మరిచిపోయాడు. వర్ణన కదా అని తీసేశాను. ట్రయల్ షోకు పిల్లల్ని పిలిచారు. సొరంగం సీను రాగానే ముందు వరసలో ఐదారేళ్ళ పాప అమ్మ ఒళ్ళో ముఖం దాచుకుంది. మళ్ళీ తల ఎత్తలేదు. దీపం వెలిగినప్పుడు కూడా ఎత్తలేదు. నవల చదివినప్పుడు ఇదే చోట పిల్లలు "జేబులో చూసుకో! జేబులో చూసుకో!" అని అరవడం నేను విన్నదాన్ని. ఆ ఒక్క వాక్యం తీసేసి, అరిచే పిల్లల్ని వణికే పిల్లలుగా మార్చాను. అదృష్టం కొద్దీ సరిదిద్దే వీలు దొరికింది. ముందు సీనులో అవ్వ వాడి జేబులో దీపం వేయడం చూపించాం. సొరంగంలో జేబు రాతికి తగిలి 'టింగ్' మని చప్పుడయ్యేలా చేశాం. రెండోసారి వేసినప్పుడు హాల్లో పిల్లలు అరిచారు. ఆ అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కొన్నిటికి మాత్రం బదులు దొరకదు. మొదటి హారీ పోటర్ నవల చివర్లో ఏడు సీసాల పొడుపుకథ ఉంటుంది. పద్యం మన కళ్ళ ముందే ఉంటుంది, పుస్తకం మూసి కాసేపు ఆలోచించుకోవచ్చు. సినిమాలో దాన్ని తీసేశారు. అది సరైన పనే అనుకుంటాను, తెర మన కోసం ఆగదు కదా. కానీ మంత్రం లేకుండా బుర్రతో గెలిచే అవకాశం హారీ స్నేహితురాలు హెర్మయనీకి అక్కడ ఉండేది. అలాంటిది తీసేటప్పుడు ఆ పాత్రకు ఇంకో చోట బాకీ తీర్చాలి. నీ స్క్రిప్టులో తమ్ముడి చదరంగం ఆట తీసేశావు, సరే. వాడికి ఏమిచ్చావు?

చివరి పేజీ గురించి. పిల్ల ఇంటి గుమ్మం దాకా వచ్చాక ఆపి, మిగతాది రెండో భాగంలో అన్నావు. 'ద గోల్డెన్ కంపాస్' 2007లో అలాగే చేసింది. ఫిలిప్ పుల్మన్ నవలలోని చివరి అధ్యాయాలను తర్వాతి సినిమాకు దాచారు. ఆ తర్వాతి సినిమా రానే లేదు. పిల్లల్ని ఏరు దాటించి అంత దూరం తీసుకెళ్ళావు, అదే టికెట్టు మీద ఇంటి దగ్గర దింపు. నిర్మాత అడిగితే నేను మాట్లాడతాను.

నవల రాసినాయన్ని ఇంకా కలవలేదన్నావు. హక్కుల కాగితాలు పూర్తయ్యాయి కాబట్టి అవసరం లేదనుకోకు. ఐదో హారీ పోటర్ స్క్రిప్టులో క్రీచర్ అనే ముసలి సేవకుణ్ణి తీసేస్తే, వాడు తర్వాత కావాల్సి వస్తాడు, ఉంచుకోండని రచయిత్రే సలహా ఇచ్చింది. అప్పటికి చివరి నవల బయటికే రాలేదు. మీ నవలలో పడవవాడికి పేరెందుకు లేదో ఆయన్ని అడుగు. నాకు అనుమానంగా ఉంది.

ఇప్పుడు పదకొండో సీను తిరగరాయి. వాయిస్ ఓవర్ మొత్తం కొట్టెయ్. ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చానన్న బాధ పిల్లలో ఉందని నవల నాలుగు వాక్యాల్లో చెబుతుంది. ఆ నాలుగింటికీ నీ దగ్గర ఇప్పటికే మంచి వస్తువు ఉంది, నువ్వు దాన్ని పడవ దిగగానే మర్చిపోయావు. పిల్ల నీడ ఇచ్చేసింది. అవతలి ఒడ్డున సత్రంలో దీపం వెలిగిస్తారు, గోడ మీద అందరి నీడలూ పడతాయి. ఆ గోడ దగ్గర పిల్ల ఎక్కడ కూర్చుంటుంది, చేతులు ఎక్కడ పెట్టుకుంటుంది, నీడ లేదన్న సంగతి ముందు ఎవరి కంట పడుతుంది? రాసి పంపు. తొందరేం లేదు.

ప్రేమతో,
మీ పిన్ని