తాగే మనిషి రానంటే, కుటుంబం మాత్రమే కౌన్సెలింగ్‌కు వెళ్ళడం వల్ల ఉపయోగం ఉంటుందా?

మీ తమ్ముడు కౌన్సెలింగ్‌కు ససేమిరా రానంటున్నాడనీ, అతడు లేకుండా మీరూ అమ్మగారూ వెళితే ఏమైనా ప్రయోజనం ఉంటుందా అనీ అడిగారు. ఉంటుంది. మా అన్నయ్య తాగుడు విషయంలో ముందుగా కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళింది వదినా, నేనూ. ఆయన వచ్చింది చాలా నెలల తరువాత.

ఆయన చేత ఎలా మాన్పించాలో చెబుతారని వెళ్ళాము. కౌన్సెలర్ గారు మాత్రం, ఆయన తాగి వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరు ఏం చేస్తారు, మరునాడు ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పేది ఎవరు, అప్పులవాళ్ళు వస్తే డబ్బు సర్దేది ఎవరు అని మా గురించే అడగడం మొదలుపెట్టారు. తననే తప్పుపడుతున్నారని వదిన నొచ్చుకుంది. అప్పుడు కౌన్సెలర్ గారు, ఈ తాగుడుకు మీరు కారణం కాదు, దాన్ని నయం చేసే శక్తి కూడా మీకు లేదు, అయితే దానివల్ల వచ్చే ప్రతి నష్టాన్నీ మీరే మోస్తూ పోతే అది ఆయనదాకా చేరదు అని విడమరచి చెప్పారు.

ఆ తరువాత వదిన ఆఫీసుకు ఫోన్ చేయడం మానేసింది. తాగి ఉన్నప్పుడు వాదించకుండా పక్క గదిలోకి వెళ్ళడం, తాగని పూట కలిసి కూర్చుని ఇష్టంగా కబుర్లు చెప్పుకోవడం కూడా నేర్చుకున్నాము. ఈ రెండవది చేయడమే కష్టం, ఎందుకంటే కోపం నిండిన మనసుతో ఆప్యాయంగా మాట్లాడడం ఎవరికీ సులువు కాదు. చికిత్స ప్రస్తావన మాత్రం ఆయన తనంతట తానే విసిగి మాట్లాడిన రోజునే తేవాలని, ఆ రోజుకు డాక్టరు దగ్గర సమయం దొరికేలా ముందే మాట్లాడి ఉంచాలని కౌన్సెలర్ గారు చెప్పారు.

ఇది ఒక్క కౌన్సెలర్ సొంత ఆలోచన కాదు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ మేయర్స్ రూపొందించిన క్రాఫ్ట్ అనే పద్ధతి ఇదే దారిలో కుటుంబ సభ్యులకు శిక్షణ ఇస్తుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ శిక్షణ తీసుకున్నవారిలో 64 శాతం మంది తమ మనిషిని చికిత్సకు తీసుకురాగలిగారు. బంధువులంతా కలిసి ఒకేసారి నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే. ఒట్లు వేయించమని సలహా ఇచ్చే పెద్దలకు నేను ఈ అంకెలే చెబుతుంటాను, వాళ్ళు వింటారన్న ఆశ లేకపోయినా.

మీ తమ్ముడు రోజూ ఎక్కువగా తాగే మనిషి అయితే, డాక్టరుకు చూపించకుండా ఇంట్లోనే ఉన్నట్టుండి మాన్పించకండి. చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య తీవ్రమైన మతిభ్రమ కలిగి, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆ దశ మందులతో గడిచాక మాత్రమే కౌన్సెలింగ్ మాటలు మనసుకు ఎక్కుతాయి. అన్నయ్య ఒకసారి మానేసి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పటివరకూ నేర్చుకున్నదంతా వృథా అయిందని మేము అనుకోలేదు, కౌన్సెలర్ గారూ అనలేదు, ఏ పరిస్థితిలో చేయి మళ్ళీ సీసా మీదికి వెళ్ళిందో ఆయన చేతనే చెప్పించారు.

అమ్మగారి సంగతి విడిగా చూడండి. నిద్ర పట్టకపోవడం, నలుగురిలోకి వెళ్ళలేకపోవడం వంటివి ఉంటే ఆ బాధకూ కౌన్సెలింగ్ కావాలి, తమ్ముడు మానినా మానకపోయినా. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ బృందాలు చాలా దేశాలలో ఉన్నాయి, వాటికి రుసుము లేదు. ఇంట్లో చేయి చేసుకోవడం ఉంటే మాత్రం ఓర్పుతో మాట్లాడే ప్రయత్నాలు పక్కనపెట్టి, ముందు అమ్మగారు సురక్షితంగా ఉండే చోటు చూసి, ఆ విషయం మొదటి రోజే కౌన్సెలర్‌కు చెప్పండి.