రాగిరేకులకు రంగులు తెప్పించే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మిద్దె మీద అమ్మోనియా, ఉప్పు, వెనిగర్‌తో రాగిరేకులకు రంగులు తెప్పిస్తూ కూర్చుంటోంది. విసిగి కొన్ని రేకులు పారేశాను. మిగిలినవాటి ఫొటోలు పంపుతున్నాను. మేము కంప్యూటర్ సైన్స్ అంటున్నాం, తను కెమిస్ట్రీ అంటోంది. ఏది మేలు?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: అయ్యా, మీరు కోర్సు గురించే అడిగినా, అమ్మాయి చదువు పాడవుతుందేమోనన్న దిగులు మీ మాటల్లో కనిపిస్తోంది. ఏటా ఎందరో తల్లిదండ్రులు ఇదే దిగులుతో నా దగ్గరకు వస్తారు. ధైర్యంగా ఉండండి.

ఫొటోలను శ్రద్ధగా చూశాను. మొదటి నీలిరేకు మూలన వేలిముద్ర మేర రాగి అలాగే మిగిలిపోయింది, ఎందుకంటే చేతిజిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. రేకు వెనుక ఆమె ‘30 గంటలు, ఈసారి సబ్బుతో కడిగి అంచులే పట్టుకోవాలి’ అని రాసుకుంది. రెండో రేకులో ఆ మచ్చ లేదు. తప్పుకు కారణం వెతికి సరిదిద్దుకోవడం ప్రయోగశాలలో నేర్పడానికి మాకు ఏళ్లు పడుతుంది. అలాంటి రేకులను పారేయడం మీ తప్పే. ఆ కోపమేదో జాగ్రత్తలు చెప్పడంలో చూపవలసింది. ఆరుబయటే, చేతొడుగులు, కళ్లద్దాలు పెట్టుకునే ఆ పని చేయాలి. బ్లీచింగ్ ద్రావణం అమ్మోనియాతో కలిసినా, వెనిగర్‌తో కలిసినా విషవాయువు పుడుతుంది. పైగా ఆ రంగు చిలుమే కనుక తినే, తాగే పాత్రల జోలికి పోకూడదు; మన పెద్దలు రాగిపాత్రల లోపల కళాయి పూయించింది అందుకే.

కంప్యూటర్ సైన్స్ చెడ్డదని నేననను. అయితే కృత్రిమ మేధ అని పేరు తగిలించిన ప్రతి సీటునూ ఉద్యోగపత్రంలా చూడడం నాకు నచ్చదు. అక్కడ పాఠం చెప్పేవారెవరో, పిల్లకు గణితం మీద మనసుందో లేదో విచారించకుండా పక్కింటివారిని చూసి చేర్పిస్తే, రెండో ఏటికే బ్యాక్‌లాగ్‌లతో కన్నీళ్లు పెట్టుకునే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను.

రాగికి రంగులు తెప్పించడమొక్కటే జీవనోపాధి అవుతుందని ఆమెకు ఆశ పెట్టను. కానీ న్యూయార్క్‌లో 1886లో ఆవిష్కరించిన స్వేచ్ఛాప్రతిమ మొదట రాగిరంగులోనే ఉండేది. తరువాత పట్టిన ఆకుపచ్చ పొర లోపలి లోహాన్ని కాపాడుతోంది. ఇనుముకు పట్టిన తుప్పు అలా ఎందుకు కాపాడదని అడిగే శాస్త్రం ఉంది, పైపులైన్లకూ ఓడలకూ దాని అవసరం ఉంది. తమిళనాడులో కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ చేసే పనుల్లో అదొకటి. కెమిస్ట్రీకి మీ ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, దగ్గర్లోని ఏర్పేడులో విజ్ఞానశాస్త్ర విద్యకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన ఐసర్ ఉన్నాయి.

ఈ ఆదివారం ఆమెతో మిద్దె ఎక్కి, ఒక రేకు మీరే కడిగి ఇవ్వండి. పరీక్షలయ్యేదాకా ఈ పని వారానికి ఒక్కపూటేనని అక్కడే మాట్లాడుకోండి.