చిన్న ఖండం వచ్చి పెద్ద ఖండానికి అతుక్కుంటే, ఆ ఆనవాళ్లు మామూలు మనిషికి కనపడతాయా?

కనపడతాయండీ. నేనుండేది బోస్టన్ దగ్గర. ఇక్కడి నేల పుట్టుకతో ఉత్తర అమెరికాది కాదు, అవలోనియా అనే చిన్న ఖండానిది. సుమారు 48 కోట్ల ఏళ్ల క్రితం అది గోండ్వానా అనే పాత మహాఖండం అంచు నుంచి విడిపోయింది. అప్పట్లో మన దేశం కూడా ఆ గోండ్వానాలోదే. అవలోనియాకూ ఉత్తర అమెరికాకూ మధ్య ఇయాపెటస్ అనే సముద్రం ఉండేది. సముద్రపు అడుగు రాయి బరువు కాబట్టి పక్కనున్న పలక (భూమి పైపెంకు ముక్క) కిందికి దిగిపోతూ వచ్చింది, సముద్రం ఇరుకైంది. ఖండపు రాయి తేలిక, అలా దిగదు. అందుకే 40 కోట్ల ఏళ్లకు కాస్త ముందు అవలోనియా వచ్చి ఉత్తర అమెరికాను ఢీకొట్టి, అతుక్కుపోయింది.

బోస్టన్ వస్తే కోప్లీ స్క్వేర్‌లో రెండు చర్చిలు చూడండి. ట్రినిటీ చర్చి గోడలు డెడ్‌హామ్ గ్రానైట్, వయసు 60 కోట్ల ఏళ్ల పైమాటే. ఓల్డ్ సౌత్ చర్చిది రాక్స్‌బరీ పుడ్డింగ్‌స్టోన్: బూడిదరంగు రాతిలో గుండ్రటి గులకరాళ్లు. ఆ గులకల్లో కొన్ని డెడ్‌హామ్ గ్రానైట్ అరిగి వచ్చినవే! ఫ్రాంక్లిన్ పార్కులో ఈ పుడ్డింగ్‌స్టోన్ బండలుగా బయటికి ఉంటుంది. నేను వెళ్లినప్పుడల్లా పగుళ్లే చూస్తాను. పగులు గులకరాయి చుట్టూ తిరగదు, దాన్ని కూడా కోసుకుంటూ నేరుగా పోతుంది. అంత గట్టిగా బిగుసుకుపోయాయి.

అయితే ఈ నేల బయటి నుంచి వచ్చిందని రాయి ఒక్కటే చెప్పదు. నన్ను పూర్తిగా ఒప్పించింది ట్రైలోబైట్లు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన, పెంకున్న సముద్రపు జీవులు. పక్కనే ఉన్న బ్రెయిన్‌ట్రీలో పారడాక్సైడిస్ అనే పెద్ద ట్రైలోబైట్ శిలాజాలు దొరికాయి. అదే రకం దాదాపు 5,000 కిలోమీటర్ల అవతల వేల్స్‌లో ఉంది, మొరాకోలోనూ ఉంది. మూడు నాలుగు గంటల డ్రైవ్‌లో ఉన్న వెర్మాంట్‌లో అదే కేంబ్రియన్ కాలపు (సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి) రాళ్లలో మాత్రం ట్రైలోబైట్లు వేరే రకాలు. పక్క ఊళ్లకు పోలిక లేదు, సముద్రం అవతల పోలిక ఉంది. మధ్యలో ఒక సముద్రం మూసుకుపోయి, తర్వాత ఇంకోచోట తెరుచుకుంటే తప్ప ఇది కుదరదు. 1966లో కెనడా భూభౌతిక శాస్త్రవేత్త టూజో విల్సన్ సరిగ్గా ఈ ప్రశ్నే వేశాడు: అట్లాంటిక్ ఒకసారి మూసుకుని మళ్లీ తెరుచుకుందా అని.

రెండోసారి తెరుచుకున్నప్పుడు చీలిక పాత అతుకు మీదుగా పోలేదు. అందుకే అవలోనియా రెండుగా తెగి సగం ఇక్కడ మిగిలింది, సగం అటు పోయింది. లండన్‌లో ఉన్న మనవాళ్ల కాళ్ల కింద, లోతున ఉన్నదీ అవలోనియానే. స్కాట్లండ్ మాత్రం ఆనాటి ఇయాపెటస్‌కు అవతలి ఒడ్డు.