గుర్రాలు తప్పించుకున్న రాత్రి ఎవరేం చెయ్యాలి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మూడు గుర్రాలూ రాత్రిపూట దొడ్డి దాటి పోయాయనీ, వీధివాళ్లంతా లేచి వచ్చి తెల్లారేలోగా పట్టించారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దేనికీ దెబ్బ తగల్లేదన్నాక గానీ నా మనసు కుదుటపడలేదు. చీపురుపల్లిలో ఒక పక్క రైలుపట్టాలు, ఇంకో పక్క రాజాం రోడ్డు మీద లారీలు. జట్కా తోలిన రోజుల నుంచి పెళ్లి గుర్రాలు పెంచేదాకా నేను నేర్చుకున్నది రాస్తున్నాను. దీన్ని ఆ రాత్రి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించు. మళ్లీ అలాంటి అవసరం పడితే వచ్చేది వాళ్లే.

అన్నిటికన్నా ముందు, ఎవరూ వెంటపడకూడదు. బెదిరిన గుర్రం గంటకి 40 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నువ్వు వెనక పరిగెత్తినకొద్దీ అది ఇంకా దూరం పోతుంది. బైకు వేసుకుని తరమడం మరీ ప్రమాదం. కుర్రాళ్లు సాయం చేద్దామనే బైకులు తీస్తారు. పెద్దవాళ్లు ఒకరు నిలబడి ఆపాలి. వీధికుక్కల్ని అదిలించి దూరంగా తోలెయ్యాలి, పిల్లల్ని అరుగుల మీదే కూర్చోబెట్టాలి.

గుర్రాల వైపు ఒక్క అడుగు వెయ్యకముందే ఇద్దరిని రోడ్డు మీదికి, ఇద్దరిని రైల్వే గేటు దగ్గరికి పంపు. రోడ్డు మీదివాళ్లు రెండు వైపులా బాగా ముందుకెళ్లి, టార్చి ఊపి లారీల్ని నెమ్మది చేయించాలి. అత్యవసర నంబరు 112కి కూడా చెప్పండి. గుర్రాలు పట్టాల మీదికి ఎక్కితే గేటుమ్యాన్‌కి గానీ స్టేషన్ మాస్టర్‌కి గానీ కబురందాలి. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చెయ్యండి. పట్టాల పక్క కరెంటు స్తంభాల మీద కిలోమీటరు నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు చెప్తే ఎక్కడో వాళ్లకి వెంటనే తెలుస్తుంది. హౌరా–చెన్నై లైను అది, రాత్రంతా బళ్లు నడుస్తూనే ఉంటాయి. ఈ పని గుర్రాన్ని పట్టడం కంటే ముఖ్యం. దీనికి నిదానస్తుల్ని పెట్టు.

ఇక పట్టే సంగతి. మూడింట్లో మిగతావి దేని వెనక నడుస్తాయో నీకు తెలుసు కదా, ఆ తెల్ల ఆడగుర్రం. దాన్నొక్కదాన్నే పట్టు. పిల్ల తల్లిని విడిచి ఎక్కువ దూరం పోదు, రెండోది ఒంటరిగా ఉండలేదు. గుర్రం మందలో బతికే జీవి. ముగ్గురు మనుషులు మూడింటి మీదికి విడివిడిగా పోయారంటే ఆ మంద చెదిరిపోతుంది, తెల్లారేదాకా తిరగాలి.

దాని దగ్గరికి ఒక్కడే వెళ్లాలి. అది రోజూ దాణా పెట్టే చెయ్యి అయితే మేలు. బకెట్లో నాలుగు గుప్పిళ్లు ఉలవలు వేసుకుని ఆడించు. ఆ చప్పుడు దానికి నీ గొంతు కంటే బాగా తెలుసు. తిన్నగా ఎదురుగా పోకు, వెనక నుంచి అసలే పోకు. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా తోక వెనక, ముక్కు ముందర కనిపించదు. అక్కడ ఏం కదిలినా తన్నుతుంది, లేదా గెంతుతుంది. పక్కగా, భుజం వైపు, మామూలుగా మాట్లాడుకుంటూ నడువు. దాని కళ్లలోకి గుచ్చి చూడకు. అది తల ఎత్తి బిగుసుకుంటే అక్కడే ఆగు, కావాలంటే ఒక అడుగు వెనక్కి వెయ్యి. తల దించి మళ్లీ మేత అందుకున్నాక కదులు. చెవులు నీ వైపు తిరిగితే వింటోందన్నమాట. వెనక్కి పడుకోబెట్టేస్తే దూరం జరుగు. తాడు వీపు వెనక దాచొద్దు, చేతిలో మామూలుగా వేలాడనీ. ముందు మెడ మీంచి వేసి, తర్వాత తలకి తొడుగు. ఆ తాడుని చేతికి చుట్టుకోకూడదు. ఈ మాట కుర్రాళ్లకి రెండుసార్లు చెప్పు. గుర్రం లాగితే వేళ్లు తెగిపోతాయి.

టార్చీలు నేలమీదికి కొట్టాలి. చీకట్లో గుర్రం మనకంటే బాగా చూస్తుంది, కానీ వెలుగులోంచి చీకట్లోకి మారడానికి దాని కంటికి చాలాసేపు పడుతుంది. మొహాన లైటు వేస్తే ఏమీ కనిపించక ఏ నేలబావిలోనో పడుతుంది.

మరి మిగతా ఇరవైమందీ ఏం చెయ్యాలంటావా? నిలబడాలి. అదే పెద్ద సాయం. పొడుగాటి తాడుకి తువ్వాళ్లు, చీరలు వేలాడదీసి ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే గుర్రానికి అది కంచెలా కనిపిస్తుంది. గెడ్డ (వాగు) వైపు, రోడ్డు వైపు అలా మూసేసి, కళ్లం వైపో గోడలున్న దొడ్డి వైపో దారి వదలండి. చేతులు బార్లా చాపి, అరవకుండా, మెల్లగా దగ్గరవ్వాలి. అన్ని వైపులా మూసేశారో, మనుషుల మీంచే దూకుతుంది. మాట ఒక్కరిదే చెల్లాలి. మీ వీధిలో రిటైరైన మేష్టారి మాట అందరూ వింటారు, ఆయన్ని అడుగు.

ఇంటికి తెచ్చాక వెంటనే దాణా పెట్టకు. చెమట ఆరేదాకా నడిపించి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగించు. ఛాతీ, కాళ్లు తడిమి చూడు. ముళ్లకంచె గీత చిన్నదైనా డాక్టరు చేత ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించాల్సిందే, గుర్రానికి ఆ జబ్బు చాలా సులువుగా వస్తుంది. ఎవరి మొక్కజొన్నలోనో పడి మేసిందని తెలిస్తే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యి. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది లోపలే ఉండి కడుపునొప్పి తెస్తుంది, డెక్కలు వేడెక్కి కుంటుతుంది. హైవే డివైడర్ల మధ్య పెంచే గన్నేరు కొరికినా అదే నంబరు, క్షణం ఆలస్యం చెయ్యకు. ఆ ఆకు విషం.

ఇప్పుడు అసలు మాట. 1871 నాటి పశువుల చట్టంలో గుర్రం కూడా పశువు కిందే లెక్క. చేను తొక్కిన గుర్రాన్ని బందెలదొడ్డికి, అంటే చేలల్లో పడ్డ పశువుల్ని కట్టేసే సర్కారు దొడ్డికి, తోలుకుపోయే హక్కు ఆ రైతుకి ఉంది. మీ ఊరివాళ్లు తోలుకుపోలేదు, నిద్ర మానుకుని నీ ఇంటికి తెచ్చిచ్చారు. ఎవరి చేను ఎంత పోయిందో నువ్వే నడిచి వెళ్లి చూడు. వాళ్లు అడగకముందే డబ్బు చేతిలో పెట్టు. వద్దన్నా పెట్టు. వాళ్ల ఇళ్లలో పెళ్లయితే ఊరేగింపుకి గుర్రాన్ని ఊరికే పంపు.

నాగుల చవితికీ మన వైపు బాణసంచా కాలుస్తారు కదా, అప్పుడు మళ్లీ బెదురుతాయి. ఆ లోపు దొడ్డి తలుపుకి కింద కూడా ఒక గడియ వేయించు, పై గడియని గుర్రం మూతితో ఎత్తేస్తోంది. తాళ్లు మూడు, బకెట్ ఒకటి తలుపు పక్కనే మేకుకి తగిలించి ఉంచు. ఆదివారం పొద్దున్న ప్యాసింజరుకి వస్తున్నాను. వడ్రంగిని ఇంటి దగ్గర ఉండమని చెప్పు.

మీ మావయ్య